దాంపత్యంలో దాచుకునే ఇబ్బందులు: తెలుసుకోవలసిన కొన్ని విషయాలు

మన సొసైటీ నికాహ్ సాయం రిజిస్టరులో ఒకే అమ్మాయి పేరు రెండుసార్లు ఉంది. మొదటిసారి సాయం ఇచ్చినప్పుడు సంతోషించాం. రెండోసారి ఇచ్చినప్పుడు, పాపం చిన్న వయసులోనే సంసారం చెడింది, మళ్లీ నిలబెడదాం అనుకున్నాం. ఆ రెండో నికాహ్ అయిన కొన్ని నెలలకే ఆమె మళ్లీ పుట్టింటికి వచ్చేసిందని తెలిసింది. అప్పుడుగానీ, ఆ అమ్మాయిని ఎవరమూ ఏమీ అడగలేదన్న సంగతి మాకు తట్టలేదు. మీరు నమ్మి ఇచ్చిన డబ్బు రెండుసార్లు ఖర్చు పెట్టాం. ఒక్క ప్రశ్న మాత్రం వేయలేదు.

మా మహిళా విభాగంలో ఒక పెద్దావిడ ఉన్నారు. అందరం ఖాలా అంటాం. ఆమె ఆ అమ్మాయిని ఇంటికి పిలిపించి, చాయ్ తాగించి, పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగారు. రెండు పెళ్లిళ్లలోనూ ఒక్కసారి కూడా భార్యాభర్తల కలయిక జరగలేదట. ప్రయత్నించిన ప్రతిసారీ తొడలు, నడుము బిగుసుకుపోయి భరించలేని నొప్పి వచ్చేదట. మొదటి అత్తగారింట్లో "పిల్ల పనికిరాదు" అన్నారు. ఆ మాటను మోసుకునే ఆమె రెండో గడప తొక్కింది. రెండోచోట భర్త మంచివాడే, కానీ అతనికీ ఏం చేయాలో తెలియలేదు. కొన్నాళ్లకు అతనికీ పట్టు తప్పడం మొదలైంది. ఇద్దరూ ఎవరికి వారు తప్పు తమదే అనుకుని నోరు మూసుకున్నారు. ఆమెకు ఉన్నది వెజినిస్మస్ అనే ఇబ్బంది. డాక్టర్లకు బాగా తెలిసినది, చాలామందికి ఆపరేషన్ లేకుండానే నయమయ్యేది. (ఈ కుటుంబాలను ఎవరూ గుర్తుపట్టకుండా ఊరు, కాలం చెప్పకుండా రాస్తున్నాం.)

ఈ వ్యాసం సంచికలో వేయాలా వద్దా అని కమిటీలో గట్టి చర్చే జరిగింది. ఇంటిల్లిపాదీ చూసే పుస్తకంలో ఇవేం రాతలు అన్నారు కొందరు పెద్దలు. వారి మాటను తేలిగ్గా తీసుకోలేదు. కానీ జనగామలో అయినా, మహబూబాబాద్‌లో అయినా, భూపాలపల్లిలో అయినా సంసారం గొడవ మా ముందుకు వచ్చినప్పుడు ముందు వినపడే మాట "పొసగడం లేదు" అనే. ఆ మాట వెనక తరచూ ఇంకో మాట దాగి ఉంటుంది. అది బయటికి వచ్చేసరికి ఇరువైపుల పెద్దలు మాటలు అనుకోవడం, సామాను తిరిగి తెచ్చుకోవడం కూడా అయిపోతుంది. మదీనాలోని అన్సారీ స్త్రీలు ధర్మం తెలుసుకునే విషయంలో సిగ్గును అడ్డు రానివ్వలేదని హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నట్లు హదీసు గ్రంథాల్లో ఉంది. హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) స్త్రీల స్వప్న స్ఖలనం గురించి, దానికి గుస్ల్ అవసరమా అని దైవప్రవక్త (స)నే నేరుగా అడిగారు. కనుక అడగడం మనకు కొత్త కాదు. మధ్యలో ఎక్కడో మానేశాం.

ముందుగా ఈ ఇబ్బందులు ఎంతమందికి ఉంటాయో చూద్దాం. మన పక్క రాష్ట్రం కర్ణాటకలో, మైసూరు దగ్గర పల్లె జనాభాలో మానసిక వైద్యులు ఇంటింటికీ తిరిగి చేసిన ఒక పరిశీలన 2015లో అచ్చయింది. పురుషుల్లో నూటికి 21 మందికి, స్త్రీలలో నూటికి సుమారు 14 మందికి ఏదో ఒక లైంగిక ఇబ్బంది ఉన్నట్లు అందులో తేలింది. అదీ మనలాంటి పల్లెటూరే, మనలాంటి రైతుకూలీ కుటుంబాలే. ఆ లెక్కన జుమా నమాజులో మన ముందు వరుసలో పది మంది నిలబడితే, అందులో ఇద్దరు ఈ బాధ మోస్తున్నవారే కావచ్చు. పక్కవాడికి తెలియదు, పక్కవాడి సంగతి వీరికీ తెలియదు.

ఇది వైద్యానికి లొంగే విషయమని మన ధర్మశాస్త్రం, మన దేశ చట్టం రెండూ ఎప్పుడో గుర్తించాయి. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం ప్రకారం, నికాహ్ నాటికే భర్త నపుంసకుడై ఉండి ఇప్పటికీ అలాగే ఉంటే భార్య కోర్టు ద్వారా విడిపోవచ్చు. అయితే అదే చట్టంలో ఇంకో మాట ఉంది. భర్త కోరితే, తీర్పుకు ముందు కోర్టు అతనికి ఒక ఏడాది గడువు ఇవ్వాలి. ఆ లోపల తన ఇబ్బంది తీరిందని అతను కోర్టును ఒప్పించగలిగితే ఆ కారణం మీద విడాకులు ఇవ్వరు. ఈ ఏడాది గడువు హనఫీ ఫిఖహ్ నుంచి వచ్చింది. నాలుగు రుతువులూ గడవాలి, ఏదో ఒక కాలంలో శరీరం కోలుకుంటుందేమో చూడాలి అన్నది ఫుఖహాల ఆలోచన. సిగ్గుతో దాచిపెట్టమనీ వారు అనలేదు, వెంటనే తెంచేయమనీ అనలేదు.

ఆ ఏడాది మన పిల్లల విషయంలో ఎక్కడ గడుస్తోందన్నదే మా బాధ.

బస్టాండు మూత్రశాల గోడల మీద, రైలు బోగీల తలుపుల వెనక అంటించిన కాగితాలు మీరూ చూసే ఉంటారు. "గుప్త రోగాలకు గ్యారంటీ వైద్యం", "మర్దానా కమ్జోరీకి శర్తియా ఇలాజ్" అని ఉంటుంది. నెలకోసారి ఫలానా లాడ్జిలో, ఫలానా రూములో డాక్టరు గారు ఉంటారని కరపత్రాలు పంచుతారు. మా దగ్గరికి వచ్చిన ఓ కుర్రవాడు, లారీ క్లీనర్, అలాంటి రూముకి వెళ్లి రెండు నెలల జీతం పోసి వచ్చాడు. నాడి పట్టుకుని చూసి "నరాలు చచ్చిపోయాయి, ఇంకో ఆరు నెలలైతే ఎవరూ బాగుచేయలేరు" అన్నారట. పేరు లేని పొడి, లేబుల్ లేని నూనె ఇచ్చారు. అతనికి రక్తపరీక్ష రాయలేదు, బీపీ చూడలేదు, పెళ్లయిందా అని కూడా అడగలేదు. నిజానికి లైంగిక సామర్థ్యాన్ని పెంచుతామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్నే మన దేశంలో 1954 నుంచి చట్టం నిషేధించింది. ఔషధాలు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం అని దాని పేరు. చట్టం ఉంది, గోడల మీద కాగితాలూ ఉన్నాయి.

ఆ పొడుల్లో ఏముంటుంది అన్నది వేరే భయం. మూలికల మందు పేరుతో అమ్మేవాటిలో సిల్డెనాఫిల్ అనే ఇంగ్లీషు మందునే కలిపి అమ్మడం చాలా దేశాల్లో పరీక్షల్లో బయటపడింది. అందుకే మొదటి రోజే "పనిచేసింది" అనిపిస్తుంది. సరిగా శుద్ధి చేయని భస్మాల్లో, కుష్తాల్లో సీసం, పాదరసం లాంటివి ఉంటే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇది చెబుతున్నామని యునానీ వైద్యాన్ని తక్కువ చేస్తున్నామని ఎవరూ అనుకోవద్దు. చార్మినార్ దగ్గరి నిజామియా తిబ్బీ కాలేజీలో చదివి వచ్చిన హకీములు మనకు ఉన్నారు. చదువుకున్న హకీం సాబ్ ఎవరైనా ముందు షుగర్ పరీక్ష చేయించుకు రమ్మంటారు. లాడ్జి గదికీ దవాఖానాకూ తేడా తెలుసుకోవడానికి అదే మంచి గుర్తు.

షుగర్ మాట ఎందుకు వచ్చిందంటే, నలభై దాటిన మగవారిలో అంగస్తంభన లోపానికి, అంటే తగినంత గట్టిదనం రాకపోవడానికి లేదా వచ్చి నిలవకపోవడానికి, అతి ముఖ్యమైన కారణాల్లో అది ఒకటి. స్తంభన అనేది రక్తం నిండడం వల్ల జరిగే పని. రక్తనాళాలు విప్పారాలి, నరాలు సరిగా సందేశం పంపాలి, మనసు కుదురుగా ఉండాలి. ఏళ్ల తరబడి అదుపులో లేని షుగర్ ఈ నాళాలను, నరాలను రెంటినీ పాడుచేస్తుంది. బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్, గుట్కా కూడా నాళాల దారినే దెబ్బకొడతాయి. ఆ భాగంలోని రక్తనాళాలు గుండెకు రక్తం అందించే నాళాలకంటే సన్నవి, కాబట్టి పూడిక ముందుగా అక్కడ తెలుస్తుంది. గుండెపోటు వచ్చిన చాలామందిలో అంతకు రెండు మూడేళ్ల ముందే ఈ లోపం కనబడిందని గుండె డాక్టర్లు చెబుతారు. అంటే యాభై ఏళ్ల మనిషి సిగ్గుపడి దాచుకున్నది మగతనం సంగతి ఒక్కటే కాదు, గుండె ఇచ్చిన ముందస్తు హెచ్చరిక కూడా. బొగ్గు గనుల్లో మూడు షిఫ్టుల్లో పనిచేసే భూపాలపల్లి సోదరులు, రాత్రంతా స్టీరింగు పట్టే డ్రైవర్ సోదరులు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. నిద్ర గాడి తప్పితే బీపీ, షుగర్ గాడి తప్పుతాయి, కోరికా తగ్గుతుంది.

కుర్రవాళ్లలో కథ వేరు. పాతికేళ్లవాడికి పొద్దున లేచేసరికి మామూలుగానే స్తంభన ఉంటుంది, భార్య దగ్గర మాత్రం ఉండదు. అలాంటప్పుడు నాళాలు, నరాలు చాలావరకు బాగున్నట్టే. అడ్డం వస్తున్నది భయం. మొదటి రాత్రి బయట వదినలు, బావలు నవ్వుకుంటూ కాపలా ఉంటారు. పొద్దున్నే ఎవరో ఒకరు ముఖం చూసి పరీక్షిస్తారు. వారం రోజుల పెళ్లి అలసట ఉంటుంది. అలాంటిచోట ఒక రాత్రి పట్టు తప్పితే ఆశ్చర్యం ఏముంది? రెండో రాత్రి "ఈసారి ఏమవుతుందో" అన్న దిగులుతోనే మొదలవుతుంది. ఆ దిగులే మళ్లీ చెడగొడుతుంది. ఇలాంటివారికి అన్నిటికంటే పెద్ద మందు, కొన్ని వారాలు కలయిక ప్రయత్నమే మానేయమని డాక్టరు చెప్పడం. వింతగా ఉంటుంది వినడానికి. భార్యాభర్తలు దగ్గరగా ఉండాలి, మాట్లాడుకోవాలి, ప్రేమగా తాకవచ్చు, అంతకుమించి వద్దు. పరీక్ష లేదని తెలిశాక మనసు వదులవుతుంది. తర్వాత మెట్టుమెట్టుగా ముందుకు పోతారు. అమెరికాలో మాస్టర్స్, జాన్సన్ అనే ఇద్దరు 1970లో పుస్తకంగా వివరించిన పద్ధతి ఇది. నేటికీ ఇదే వాడుతున్నారు.

సిల్డెనాఫిల్ మాత్రలు 1998లో వచ్చాయి, మంచి మందే. కానీ అది డాక్టరు చీటీ మీద ఇవ్వాల్సిన మందు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవారు దీన్ని వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మెడికల్ షాపులో గుసగుసగా అడిగి తీసుకునే మాత్రకు ఆ ప్రశ్న వేసేవారు ఉండరు. బీపీకి, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందుల వల్ల కూడా కోరిక లేదా స్తంభన తగ్గవచ్చు. అలా అనిపిస్తే మాత్రలు ఆపేయకండి. రాసిన డాక్టరుకే చెప్పండి, మార్చి ఇస్తారు.

శీఘ్రస్ఖలనం గురించి ఎక్కువమంది పడే బాధ నిజానికి కొలత తెలియక పడే బాధ. అరగంట, గంట అని స్నేహితులు గొప్పలు చెబుతారు, ఫోన్లలో చూసేవి ఇంకా చెడగొడతాయి. అయిదు దేశాల జంటలను గడియారం పెట్టి పరిశీలిస్తే (టర్కీ కూడా అందులో ఉంది) మధ్యస్థంగా తేలిన సమయం 5.4 నిమిషాలు. సగం మందికి అంతకంటే తక్కువే. మొదటి నుంచీ దాదాపు నిమిషం లోపే అయిపోవడం, ఆపుకోలేకపోవడం, దానివల్ల ఇద్దరికీ బాధ కలగడం ఈ మూడూ ఉంటేనే దాన్ని జబ్బు అంటారు. దానికీ ఆగి మళ్లీ మొదలుపెట్టే అభ్యాసం ఉంది, మాత్రలు ఉన్నాయి. ఎక్కువ మందికి గుణం కనిపిస్తుంది.

ఇక ధాత్. ఇది మన దేశంలోనే పేరు పెట్టిన బాధ. 1960లో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ అనే మానసిక వైద్యుడు దీనికి ధాత్ సిండ్రోమ్ అన్న పేరు పెట్టారు. మూత్రంలో వీర్యం పోతోంది, నిద్రలో పోతోంది, అందుకే నీరసం, నడుంనొప్పి, మతిమరుపు అని కుర్రవాళ్లు కుమిలిపోతారు. ఇన్ని చుక్కల రక్తం కలిస్తే ఒక చుక్క వీర్యం అన్న మాట మన ఊళ్లలో తాతల కాలం నుంచి ఉంది. అది నిజం కాదు. వీర్యం రక్తం నుంచి కాచి తీసేది కాదు. ఉమ్మి ఊరినట్లు గ్రంథుల్లో ఎప్పటికప్పుడు ఊరుతుంది, ఎక్కువ భాగం నీరే. నిద్రలో పోవడాన్ని మన పెద్దలు ఇహ్తిలాం అన్నారు. అది యుక్తవయసుకు గుర్తు అన్నారు, గుస్ల్ చేయమన్నారు, దానితో రోజా కూడా భంగం కాదన్నారు. జబ్బు అని ఎక్కడా అనలేదు. ఇంటర్ చదివే పిల్లవాడు చదువు మానేసి ఈ దిగులుతో లాడ్జి చుట్టూ తిరగడం కంటే అన్యాయం ఇంకోటి లేదు. తండ్రులు ఒక్క పది నిమిషాలు మాట్లాడితే పోయే భయం ఇది. మంటగా, చీములా కారితే మాత్రం అది వేరు, ఇన్ఫెక్షన్ కావచ్చు. అప్పుడు డాక్టరును చూడాల్సిందే.

ఆడవారి సంగతికి వస్తే మాకు మాటలు తక్కువ. తప్పు మాదే. ఎందుకంటే ఇంతకాలం మేము మగవారి కమిటీగానే ఆలోచించాం. ఖాలా చెప్పగా తెలుసుకున్నవి రాస్తున్నాం.

నొప్పి ముఖ్యమైనది. పెళ్లయిన మొదట్లో కొంచెం అసౌకర్యం మామూలే అని అందరూ చెబుతారు. నెలలు గడిచినా నొప్పి తగ్గకపోతే అది మామూలు కాదు. మనం మొదట చెప్పిన అమ్మాయి విషయంలో కింది కండరాలు ఆమె ప్రమేయం లేకుండా బిగుసుకుపోయేవి. కంటి దగ్గరికి వేలు తెస్తే రెప్ప ఎలా మూసుకుంటుందో అలాగ. రెప్పను తిట్టి లాభం లేదు, బలవంతంగా తెరిస్తే ఇంకా గట్టిగా మూసుకుంటుంది. భయం, చిన్ననాడు విన్న భయంకరమైన కథలు, ఒక్కోసారి ఎవరికీ చెప్పుకోలేని చిన్ననాటి గాయాలు దీని వెనక ఉంటాయి. ఏ కారణమూ కనబడకపోవచ్చు కూడా. లేడీ డాక్టరు ముందు ఆమె శరీరం గురించి బొమ్మ గీసి చెబుతారు. శ్వాసతో కండరాలు వదులు చేయడం నేర్పుతారు. తర్వాత వారాల తరబడి, ఆమె చేతుల్లోనే, ఆమె వేగంలోనే అభ్యాసం సాగుతుంది. భర్త ఓపిక పడితే చాలావరకు కొన్ని నెలల్లో తేలుతుంది.

కాన్పు తర్వాత, పాలిచ్చే నెలల్లో యోని పొడిబారుతుంది. ముట్లుడిగాక కూడా అంతే. మన తెలంగాణలో గర్భసంచి తీసేసే ఆపరేషన్లు ఎక్కువ, చాలా చిన్న వయసులోనే చేయించేస్తారు. అందులో అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగినప్పటి ఇబ్బందులన్నీ ఒక్కసారిగా వస్తాయి. అప్పుడు ముప్పై ఎనిమిదేళ్ల ఆమె దగ్గరికి రానివ్వడం లేదని భర్త కోపం, మనసు లేదని అనుమానం. ఆమెకు ఉన్నది నొప్పి. పూసుకునే జెల్‌తో, డాక్టరు రాసే క్రీముతో తగ్గేదానికి ఏళ్ల తరబడి వేరే గదిలో పడుకున్నవారు ఉన్నారు. తెల్లబట్ట, దురద, దుర్వాసన ఉంటే ఇన్ఫెక్షన్ అయి ఉండవచ్చు, దానికి తగిన మందులు ఉన్నాయి. కొన్నిటికి భర్త కూడా మందు వాడాలి, లేకపోతే మళ్లీ వస్తుంది.

కోరిక లేకపోవడం గురించి ఖాలా అన్నమాట మా కమిటీని కాసేపు మాట్లాడనివ్వలేదు. "పొద్దున అయిదింటికి లేచి, పదిమందికి వండి, మిర్చి తోటలో కూలికి పోయి వచ్చిన మనిషికి రాత్రి పదింటికి కోరిక ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నారు. రక్తహీనత, థైరాయిడ్ తక్కువ కావడం, కాన్పు తర్వాతి దిగులు కూడా కారణాలే. వీటికి రక్తపరీక్షలు ఉన్నాయి. ఒక్క గదిలో అత్తమామలు, పిల్లలు, మధ్యలో చీర కట్టిన తెర ఉండే ఇంటికి మాత్రం ఏ పరీక్షా లేదు. భర్త దుబాయిలోనో దమ్మాంలోనో రెండేళ్లుండి నలభై రోజుల సెలవు మీద వస్తే, ఆ నలభై రోజులూ ఇద్దరూ మళ్లీ కొత్తవాళ్లే. మొదటి వారంలోనే అంతా సవ్యంగా జరగాలని ఆశించడం అన్యాయం. కొంత సమయం ఇవ్వాలి, ఇంట్లోవాళ్లు కొంచెం ఏకాంతం ఇవ్వాలి.

పిల్లలు కలగకపోవడం దీనికి వేరు. అయినా మన వాళ్లు రెంటినీ కలిపేస్తారు. స్తంభన బాగా ఉన్న మగవాడికి వీర్యకణాలు తక్కువ ఉండవచ్చు, లోపమున్నవాడికి కణాలు చక్కగా ఉండవచ్చు. సంతానం లేని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. వీర్య పరీక్ష తేలికైనది, ఖర్చు తక్కువ. ఆ పరీక్ష చేయించుకోకుండానే కోడలికి మూడేళ్లు మందులు మింగించి, రెండో నికాహ్ మాట ఎత్తిన కుటుంబానికి మేము ఈ ఏడాది సాయం నిరాకరించాం. వారికి కోపం వచ్చింది. రానివ్వండి.

ఎక్కడికి వెళ్లాలి అన్నది చాలామంది అడిగే ప్రశ్న. 2016లో పాత వరంగల్ జిల్లా విడిపోయినప్పుడు పెద్ద జబ్బు అంటే ఎంజీఎంకే పోవాలి అన్నట్టుండేది. ఇప్పుడు మహబూబాబాద్‌లో 2022 నుంచి, జనగామ, భూపాలపల్లిలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి. మగవారు ముందు జనరల్ మెడిసిన్ డాక్టరును కలిసి షుగర్, బీపీ చూపించుకోవచ్చు. ఆడవారు గైనకాలజీలో చూపించుకోవచ్చు. భయం, దిగులు ఎక్కువగా ఉన్నవారు మానసిక వైద్యుణ్ణి కలవాలి. అది పిచ్చివాళ్ల డాక్టరు అన్న మాట ఇక మానేద్దాం. ఊళ్లో తెలిసినవాళ్లు చూస్తారన్న జంకు ఉంటే హనుమకొండకో హైదరాబాద్‌కో పోయినా తప్పులేదు. ఇంట్లోనుంచే మాట్లాడాలనుకుంటే టెలి మానస్ 14416 నంబరు ఉంది. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

డాక్టరు ముందు కూర్చుని నోరు పెగలనివారికి ఖాలా ఒక ఉపాయం చెబుతారు. చెప్పాలనుకున్నది ఇంట్లోనే ఒక కాగితం మీద రాసుకోవాలి. ఎప్పటినుంచి ఉంది, ఎప్పుడూ ఉంటుందా అప్పుడప్పుడా, ఏ మందులు వాడుతున్నారు, ఇంతే. ఆ కాగితం బల్ల మీద పెట్టి ఊరుకుంటే చాలు, మిగతావి డాక్టరే అడుగుతారు. వీలైతే ఇద్దరూ కలిసి వెళ్లాలి. ఒక్కరే వెళ్తే ఇంటికొచ్చాక ఇంకొకరికి చెప్పేటప్పుడు సగం మాట మారిపోతుంది.

అన్నీ బాగుపడతాయని మేము చెప్పడం లేదు. మేము డాక్టరు దగ్గరికి పంపిన జంటల్లో ఒకటి చివరికి ఖులాతోనే విడిపోయింది. అబ్బాయికి ఉన్నది పుట్టుకతో వచ్చిన సమస్య. పెళ్లికి ముందే అతనికి తెలుసు, ఇంటివాళ్లకూ తెలుసు. "పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది" అనుకున్నారు. సర్దుకోలేదు. తెలిసి దాచడం ఆ అమ్మాయికి చేసిన మోసం. దాన్ని ఇంకో పేరుతో పిలవలేం. అయినా ఆ విడిపోవడం తిట్లు, నిందలు లేకుండా జరిగింది, కారణం ఏమిటో ఇద్దరికీ తెలుసు కాబట్టి.

ఈ అనుభవాలతో మేము కొన్ని మార్పులు చేశాం. దాతలుగా మీకు తెలియడం మంచిది. సంసారం విడిపోయి రెండో నికాహ్ కోసం సాయం కోరినవారి దగ్గర ఇకపై అమ్మాయితో ఖాలా, అబ్బాయితో మా కమిటీలోని డాక్టరు సోదరుడు విడివిడిగా ఒకసారి మాట్లాడతారు. విన్నది రిజిస్టరులో రాయరు, కమిటీకి కూడా చెప్పరు. వైద్యం అవసరమైతే ఆ ఖర్చు "వైద్య సాయం" కిందే పోతుంది, ఏ జబ్బు అన్న వివరం ఉండదు. కనుక వచ్చే ఏడాది లెక్కల్లో వివరం లేని వైద్య ఖర్చులు కొన్ని మీకు కనిపిస్తే, అవి ఎందుకు అలా ఉన్నాయో దయచేసి అడగవద్దు. ఆడిటర్ గారు బిల్లులు చూస్తారు, పేర్లు చూడరు. ఇమాం సాబులను, నికాహ్ పెద్దలను కూర్చోబెట్టి ఓ లేడీ డాక్టరు చేత, ఓ మగ డాక్టరు చేత పెళ్లికి ముందు చెప్పాల్సిన మాటలు చెప్పించాలని కూడా అనుకున్నాం. ఆడవారికి విడిగా, మగవారికి విడిగా. ముగ్గురు ఇమాం సాబులు ఒప్పుకున్నారు, ఒకరు ఆలోచిస్తామన్నారు.

మొదట చెప్పిన అమ్మాయి హనుమకొండకు ఏడుసార్లు వెళ్లి వచ్చింది. మొదటి రెండుసార్లు ఖాలా తోడు వెళ్లారు. మూడోసారి భర్త వచ్చాడు. అతనే వస్తానన్నాడట. ఇప్పుడు ఆమె పుట్టింట్లో లేదు. డాక్టరు ఫీజులు, పరీక్షలు, జెల్, బస్సు చార్జీలు అన్నీ కలిపి మేము ఇచ్చింది ఆమె ఒక్క నికాహ్‌కు ఇచ్చిన సాయంలో పదో వంతు కూడా కాలేదు.